అల్లరి అరువిస్తారా?

నేను కొత్తగా టీచర్‌గా చేరిన స్కూల్లో లెక్కల టీచర్‌కి ఒక విచిత్రమైన జబ్బు ఉండేది. అల్లరి లేకపోతే ఆవిడకి నిద్ర ముంచుకొచ్చేది. పక్క క్లాసుల తలుపులు తట్టి అల్లరి పిల్లల్ని అరువు తెచ్చుకునేది. అందుకే అందరం ఆవిణ్ణి అరువు టీచర్ అనేవాళ్లం. ఆ పేరు ఆవిడకీ తెలుసు. "అనుకోండి, నాకేం! అరువు ఏనాడైనా ఎగ్గొట్టానా? గంట కొట్టేసరికి ఎవరి పిల్లల్ని వాళ్లకి అప్పజెప్పేస్తున్నాగా" అనేది.

తప్పు ఆవిడ తొమ్మిదో తరగతిది. ఆ క్లాసులో గుండుసూది పడితే, పడేసినవాడు లేచి క్షమాపణ చెప్పేవాడు. "ఏం పిల్లలమ్మా వీళ్లు! ఒక్కడూ పక్కవాణ్ణి గిల్లడు. ఆవలించీ ఆవలించీ నా దవడలు పట్టేస్తున్నాయి" అని స్టాఫ్ రూమ్‌లో ఒకటే గోల. మేం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం.

నవ్వడం అక్కడితో సరి. నాకు దొరికింది ఏడో తరగతి బి. నేను బోర్డు వైపు తిరిగి ఒక వాక్యం రాసేలోపు నా వెనకాల ఒక రాజ్యం కూలి ఇంకో రాజ్యం లేచేది. అందులో ఒక పిల్ల ఉంది, సైరన్ అని పిలిచేవాళ్లం. మెల్లగా మాట్లాడటమనేది ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు. దాహమేస్తోంది టీచర్ అందంటే పక్క క్లాసువాళ్లు కూడా నీళ్ల సీసాల మూతలు తీసేవాళ్లు.

సాయంత్రానికి నా గొంతు పోయేది. ఇంట్లో అమ్మతో సైగలే. "మానెయ్ తల్లీ, ప్రాణం కంటే ఎక్కువా?" అంది అమ్మ. చిన్నప్పుడు దిండ్లని వరసగా కూర్చోబెట్టి పాఠాలు చెప్పినదాన్ని నేను. ఈ ఉద్యోగం తప్ప ఇంకోటి కోరుకోలేదు. కానీ దిండ్లు బుద్ధిగా వినేవి. ఇక నా వల్ల కాదని, మర్నాడు హెడ్‌మిస్ట్రెస్‌తో చెప్పేద్దామని నిర్ణయించుకుని ఏడుస్తూ పడుకున్నాను.

మర్నాడు మొదటి పీరియడ్‌లోనే తలుపు చప్పుడు.

"చిన్న టీచర్, ఒక అల్లరి ఉంటే ఇస్తావా?"

"ఏ సైజు కావాలి మేడం?" అన్నాను, మిగిలిన గొంతుతో.

"పెద్దదే ఇవ్వు. నిన్న ఎనిమిదో తరగతి నుంచి తెచ్చుకున్నవాడు ఒట్టి నాసిరకం. రెండు లెక్కలకే మెత్తబడిపోయాడు."

సైరన్‌ని ఇచ్చేశాను. నా పాఠం నాకే వినపడటం అదే మొదటిసారి. గంట కొట్టాక ఆ పిల్ల మోచేతుల దాకా సుద్దపొడితో తిరిగొచ్చింది. అక్కడ లెక్క చేసినవాళ్లకే కేకేసి జవాబు చెప్పే హక్కట. కేకల కోసం ఎనిమిది లెక్కలు చేసిందట.

అలా రోజూ జరిగింది. ఆ ఒక్క పీరియడ్ నేను ఊపిరి పీల్చుకునేదాన్ని. మిగతావాళ్లలో ఎవరికి ఏం చెబితే వింటారో మెల్లగా తెలిసొచ్చింది. ఉద్యోగం మానేస్తానన్న మాట హెడ్‌మిస్ట్రెస్ గది దాకా వెళ్లడం, వెనక్కి రావడం. అదే సరిపోయింది.

ఒకరోజు అరువు టీచర్ బడికి రాలేదు. తలనొప్పట. సాయంత్రం చూసొద్దామని వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసిన వాళ్లాయన పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. "చెప్పులు చప్పుడు కాకుండా విడువమ్మా" అన్నాడు గుసగుసగా. లోపల కుర్చీల కాళ్లన్నిటికీ గుడ్డలు చుట్టి ఉన్నాయి. గోడ గడియారం ఆగిపోయి ఉంది.

"ఏమైంది బాబాయ్‌గారూ?"

"కొత్తేం కాదమ్మా. మీ టీచర్‌కి మొదట్నించీ చప్పుడు పడదు. మా ఇంట్లో కుక్కర్ లేదు. నేను బిస్కెట్ కొరకాలన్నా వీధిలోకి వెళ్లాల్సిందే."

"మరి అల్లరి లేకపోతే నిద్రొస్తుందని..."

ఆయనకి నవ్వు తన్నుకొచ్చింది. తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. "నిద్రా? ఆ తొమ్మిదో తరగతి తనకి స్వర్గం! ఉద్యోగంలో చేరిన ఏడాది రోజూ ఏడుస్తూ ఇంటికొచ్చేది. ఒక్కరంటే ఒక్కరు వచ్చి తలుపు తట్టలేదట. సాయం చేస్తానంటే కొత్తవాళ్లు చిన్నబుచ్చుకుంటారు, అడుక్కుంటే ఇచ్చేస్తారండీ, అంటుంది."

"ఎవరితోనండీ ఆ కేకలు?" అని లోపలి గదిలోంచి నీరసంగా వినిపించింది.

నేను చెప్పులు చేత పట్టుకుని బయటికొచ్చేశాను. అంత మంచి మనిషిని చూసి ఇన్నాళ్లూ నవ్వానా అని నా మీద నాకే కోపం వచ్చింది. ఆవిడ మీద మాత్రం చెప్పలేనంత ప్రేమ.

రెండు రోజుల తర్వాత తలుపు చప్పుడైంది. ఆవిడ ముఖం పీక్కుపోయి ఉంది. జుట్టు చాటున చెవిలో దూది కనిపిస్తోంది. "చిన్న టీచర్, ఒక అల్లరి..."

సైరన్ అప్పటికే పుస్తకాలు సర్దుకుని లేచి నిలబడింది. ఆ పిల్లతో సహా ఈ క్లాసుని గంట సేపు నడపగలనా?

"ఇవ్వను మేడం" అన్నాను.

"అదేంటే?"

"ఇవాళ అందరూ నాకే కావాలక్కా."

అంతకు ముందు ఎప్పుడూ ఆవిణ్ణి అక్కా అనలేదు. ఆవిడ నన్నూ, నా వెనకున్న సైన్యాన్నీ ఎగాదిగా చూసింది. "తట్టుకోగలవా?"

"తట్టుకుంటాను."

"అయితే నేనూ ఇక్కడేనా టీచర్!" అని సైరన్ సంబరంగా ఒక్క కేక పెట్టింది. కిటికీ అద్దాలు గల్లుమన్నాయి.

అరువు టీచర్ మొట్టమొదటిసారి అందరి ఎదుటా రెండు చెవులూ గట్టిగా మూసుకుని, నవ్వుకుంటూ వెళ్లిపోయింది.