కదలని అటెండెంటు

మా అత్తగారికి తుంటి ఎముక విరిగితే శ్రీకాకుళంలో ఆపరేషను చేయించాం. నా భార్యకి బొబ్బిలిలో పదో తరగతి పరీక్షల డ్యూటీ పడింది. సాయంత్రం ఆవిడ వచ్చేదాకా మంచం పక్కన నేనే. స్టూలు మీంచి లేస్తే ఒట్టు. పేషెంటు కన్నా నాకే పేషెన్సు ఎక్కువని వార్డంతా మెచ్చుకుంటోందని నా నమ్మకం.

పెళ్లయి ఇరవై రెండేళ్లయినా అత్తగారు నాతో సూటిగా మాట్లాడింది లేదు. అల్లుడికి ఎదురుపడటం మర్యాద కాదన్నది ఆవిడ పెరిగిన పద్ధతి. ఇంట్లో అయితే తలుపు చాటునుంచి కూతురికి చెప్పేది, కూతురు నాకు చెప్పేది. వార్డులో తలుపూ లేదు, చాటూ లేదు. అందుకని సెలైన్ స్టాండుకి చెప్పేది, "బాబుగారు అన్నం తిన్నారో లేదో" అని. స్టాండు తరఫున నేను జవాబిచ్చేవాణ్ణి.

చిక్కల్లా నీళ్ల దగ్గర వచ్చింది. బాగా తాగించమని డాక్టరు చెప్పాడు. గ్లాసు తీసుకెళ్తే ఆవిడ ముఖం గోడవైపు తిప్పేసేది. బతిమాలాను. కొబ్బరిబొండం తెచ్చాను. కిడ్నీల మీద చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. రెండో రోజుకి ఆవిడ నాలుక పిడచకట్టుకుపోయింది. ఇలాగైతే నిజంగానే కిడ్నీలు దెబ్బతింటాయన్నాడు డాక్టరు.

మధ్యాహ్నం డ్యూటీకొచ్చిన నర్సు ఆవిడ చెవి దగ్గర వంగి ఏదో అడిగింది. తర్వాత నన్ను వరండాలోకి పిలిచి, గొంతు తగ్గించి అంది:

"బాబూ, నీళ్లు తాగితే మామ్మ బెడ్‌పాన్ పెట్టమనాలి కదా. అల్లుడు మూరెడు దూరంలో కూకుంటే ఎలాగ అడుగుతాది?"

రెండు రోజులుగా ఆవిడని పట్టుకున్న రోగం నేనే అన్నమాట.

ఏం చెయ్యమంటారని అడిగాను. మంచం చుట్టూ తెర లాగిస్తానంది, ఆయాని పంపిస్తానంది, నన్ను మాత్రం గంటకోసారి టీకి పొమ్మంది. పోయాను. తిరిగొచ్చేసరికి గ్లాసు ఖాళీ, బొండం ఖాళీ. తెర వెనక నర్సూ ఆవిడా నవ్వుకుంటున్నారు, బహుశా నా గురించే.

మర్నాడు టీ తాగొచ్చి అప్పుడే కూర్చున్నాను. నాలుక మీద వేడింకా పోలేదు. అత్తగారు పక్క మంచం ఆవిడతో అన్నట్టుగా, "బాబుగారు టీ తాగి సేనాసేపయినట్టున్నాది" అంది.

అవునవును, చాలాసేపయింది అంటూ లేచాను.