ఛాయ్ లెక్కలోకి రాని పరగడుపు

నా చిగుళ్ల నుంచి నెత్తురు కారడం మొదలైనప్పుడు నేను పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో ఉన్నాను. ఊరందరి మాత్రలు డబ్బాల్లో పెట్టి పంపే మనిషికి తన మాత్ర వేసుకోవడం రాలేదని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. నవ్వనీ, ఆ రోజుల్లో ఆ నవ్వు కోసం మొహం వాచి ఉన్నాను.

కాళ్ల మీద ఎర్ర చుక్కలు కూడా లేచాయి. పరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయన్నారు. డెంగీ కాదట. నా ఒళ్లే వాటిని పరాయివనుకుని చంపుకుంటోందట. సంగారెడ్డిలో నన్ను చూసిన డాక్టరమ్మది మా అమ్మాయి వయసు. ఓపిక మాత్రం మా అమ్మాయికి లేనంత.

"కాలేయంల ఒక హార్మోన్ తయారైతది. అది ఎముకల మూలుగలకు పోయి ప్లేట్‌లెట్లను పుట్టిస్తది. నెత్తుర్ల తిరిగే ప్లేట్‌లెట్లను గూడ తట్టి లేపి పెడ్తది. గట్ల లేసి ఉన్నయి చిన్న గాయానికే జల్దీ గుమిగూడి నెత్తురు ఆపుతయి. ఈ మాత్ర ముఖ్యంగ ఆ మొదటి పని చేస్తది. కొత్తగ పుట్టినయి హుషారుగుంటయి గద, లెక్క జెర పెరిగినా మస్తు ఆసరా," అని చెప్పింది. పరగడుపున నీళ్లతో వేసుకొమ్మంది. పాలు, పెరుగు ఆ దరిదాపుల్లో వద్దంది.

అక్షరం పొల్లుపోకుండా పాటించాను. కనీసం అలా అనుకున్నాను. వారాలు గడిచినా ప్లేట్‌లెట్లు కదల్లేదు. మాత్ర మోతాదు పెంచినా కదల్లేదు. చివరికి ప్లీహం తీసేసే ఆపరేషన్ గురించి ఆలోచించుకొమ్మంది డాక్టరమ్మ. ప్లేట్‌లెట్లు ఎక్కువగా చచ్చేది అక్కడేనట. ప్లీహమంటే కటిక దుకాణంలో తిల్లి అని అమ్మేదే. అది తెలిసినప్పటి నుంచి మా ఆవిడ ఇంట్లోకి మటన్ రానివ్వలేదు. నాకు భయం వేసింది. గాటు పెడితే నెత్తురు ఆగని మనిషిని కోస్తారా?

ఆపరేషన్ మాట తేల్చుకోవడానికి ఇద్దరం వెళ్లాం. డాక్టరమ్మ ఎందుకో పెన్ను పక్కన పెట్టింది.

"పొద్దుగాల లేసినకాన్నుంచి ఏమేం చేస్తరో వరసగ చెప్పుండ్రి."

"మొకం కడుగుత. ఛాయ్ తాగుత. ఇగ పరగడుపునే మాత్ర ఏసుకుంట," అన్నాను.

"ఛాయ్ తాగినంక పరగడుపు ఎట్లయితది?"

నేనూ మా ఆవిడా మొహాలు చూసుకున్నాం. ఇదేం ప్రశ్న? మా వైపు ఛాయ్ తిండి లెక్కలోకి రాదు. ఒక్కపొద్దు ఉన్నవాళ్లు కూడా తాగుతారు. కంపెనీలో షుగర్ పరీక్షకు పరగడుపున రమ్మంటే సెక్షనంతా ఛాయ్ తాగే వచ్చింది.

"పాలు వద్దని చెప్పిన గద!"

"పాలు పొయ్యలే మేడం, ఒట్టు," అంది మా ఆవిడ. "ఉత్త ఛాయే ఇచ్చిన. మనిషి చిక్కిపోయిండని బర్రెపాలు తెచ్చి జెర చిక్కగ చేసిన, అంతే."

డాక్టరమ్మ తల పట్టుకుని, తర్వాత పడీపడీ నవ్వింది. పాలలోని కాల్షియం మాత్రను కడుపులోనే పట్టేసుకుంటుందట, నెత్తుట్లోకి సరిగా పోనివ్వదట. ఆపరేషన్ మాట ఇప్పుడే వద్దని, ముందు మాత్రను నిజంగా పరగడుపున వేసుకుని చూడమంది.

పొద్దున ఛాయ్ లేని బతుకూ ఒక బతుకేనా? అందరి మీదా చిర్రుబుర్రులాడాను. కంపెనీ బస్సులో నా పక్క సీటు ఖాళీ అయింది. కానీ కొన్నాళ్లకు చిగుళ్ల నెత్తురు ఆగింది. ఆ తర్వాత ప్లేట్‌లెట్లు మెల్లమెల్లగా పైకి వచ్చాయి. ఆపరేషన్ అక్కర్లేదని డాక్టరమ్మ చెప్పిన రోజు ఆసుపత్రి మెట్ల మీదే ఈల వేశాను.

మా ఆవిడ మాత్రం నవ్వలేదు. మేముండే కిష్టారెడ్డిపేటకు ఆటో కోసం నిలబడ్డప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ ఆపరేషన్ల నీకేమన్న అయ్యుంటే, నా ఛాయ్ వల్లనే అని నాకు ఎన్నటికీ ఎరుకయ్యేది గాదు. నీ ఫోటో ముంగట గూడ రోజూ గదే ఛాయ్ పెట్టేదాన్ని."

నడిరోడ్డు మీద, జనమందరి ముందు, ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆటోలు వచ్చిపోయాయి. ఇద్దరం ఎక్కలేదు.