మేకల తాత కట్టు, నా ముడి

వానాకాలం ముందు సిద్దిపేటలో మా ఇంటిమీద పెంకులు సర్దుతూ జారిపడ్డాను. మణికట్టు పైన కుడిచేయి పుటుక్కుమంది. పంతొమ్మిది వందల నలభైల్లో మాట. నాకప్పటికి పాతికేళ్లు నిండలేదు గానీ, నేతపని మీద కొండంత పొగరు. మగ్గం మీద మా ఇంటామె చీర సగంలో ఉంది. ఆమెకు అయిదో నెల. కాన్పుకు పుట్టింటికి ఆ చీరే కట్టి పంపుతానని వాడంతా చాటుకున్నాను. పోగును అటూ ఇటూ మోసే నాడెను ఆడించే తాడు లాగేది కుడిచేయే. అది వంకరగా అతికితే చీరే కాదు, నా బతుకే ఆగిపోతుంది.

మేకల కాళ్లు అతికించే తాత వచ్చాడు. వాడకట్టు అదిరేలా నన్ను అరిపించి ఎముకను సరిచేశాడు. గుడ్డు తెల్లసొన, మినప్పిండి కలిపి పూసి, వెదురు దబ్బలు పెట్టి గుడ్డతో కట్టాడు. ఆ కట్టు చూసి నాకు ఒళ్లు మండింది. అంత వదులా! నేతగాడికి ముడి సంగతి ఒకరు చెప్పాలా? తాత గడప దాటగానే దాన్ని విప్పి, పంటితో లాగి బిగించి నా ముడి వేసుకున్నాను. పొద్దుటికి వేళ్లు నేరేడు పళ్లలా నల్లబడ్డాయి. ఇంటామె లబోదిబోమంటూ తాతను మళ్లీ పిలిపించింది.

"ఎవడు ఏసిండు గీ ముడి?"

"నేనే తాతా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది! బొక్కంటె మగ్గం గుంజ అనుకున్నవా? దానికి పానమున్నది. నెత్తురు ఆపితె ఏం తిని పెరుగుతది?"

ముడి కోసి, చారుకు తెచ్చిన మేక కాలి ఎముకను రాతితో పగలగొట్టి చూపించాడు. పైన గట్టి పెంకు, లోపల సన్నసన్న సందులు, వాటి నడుమ మూలుగ. కీలు దగ్గర గోరు దిగేంత మెత్తగా, తెల్లగా, నున్నగా ఉంది.

"గీ మెత్త బొక్కనే కీలు అరగకుండ కాస్తది. ఇరిగిన కాడ సుత మొదలు గిసొంటి మెత్తదే పుడ్తది, మెల్లగ గట్టిపడ్తది. తొందరపెట్టకు బిడ్డా."

సిగ్గుతో తల దించుకున్నాను. తాత మళ్లీ వదులుగా కట్టిన కట్టుతోనే నలభై రోజులు మూలుగ చారు తాగాను. "బిడ్డ ముందొస్తదో, బొక్క ముందతుకుతదో!" అని ఇంటామె నాడెలో పెట్టే నూలు కండెలు చుడుతూ ఆటపట్టించేది. పైకి నవ్వేవాణ్ని, లోపల ఒకటే గుబులు.

తాత కట్టు విప్పేసరికి చేయి సన్నబడి పాలిపోయి ఉంది. కానీ చక్కగా ఉంది! మగ్గం గుంతలో కాళ్లు దించి తాడు లాగాను. నాడె సగం దూరం పోయి ఆగింది. పళ్లు బిగబట్టి మళ్లీ లాగాను. ఈసారి టక్కుమని అవతలి దరికి చేరింది.

అంత పొగరుబోతును, అందరి ముందూ భోరుమన్నాను.

"ఇంకోపారి లాగు," అంది ఇంటామె, చేతిలో కండె అలాగే పట్టుకుని.

ఏడుస్తూనే లాగాను.