పలకని రాయి

మా నాయన ఆళ్లగడ్డలో దేవుడి విగ్రహాలు చెక్కేవాడు. కొత్త రాయి షెడ్డుకొస్తే ముందు సుత్తితో చిన్నగా తట్టి వినేవాడు. గంటలా మోగితే మంచి రాయి. మొద్దుగా పలికితే లోపల పగులుందన్నమాట. అలాంటి రాయికి ఎవరెంత బతిమాలినా ఉలి పెట్టేవాడు కాదు.

నేను నంద్యాల కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. సెలవులొస్తే చాలు, బెంగళూరులో ఒక ల్యాబుకి పరిగెత్తేదాన్ని. నేను పట్టుకు వేలాడిన పదార్థం యాంటీఫెర్రోమాగ్నెట్. దాని లోపలంతా చిన్న చిన్న అయస్కాంతాలే. కానీ పక్కపక్కవి ఎదురెదురు దిక్కులకు తిరిగి ఉంటాయి కాబట్టి బయటికి ఏమీ తెలియదు. ఒకసారి ఓ ముక్క ఇంటికి తెచ్చి చూపిస్తే నాయన దానికి గుండుసూది ఆనించి చూశాడు.

"ఏందీ, సూది గూడా అంటుకోలే! దీనికా పాపా, సెలవులన్నీ తగలేస్తాండావ్?"

నాకు రోషం వచ్చింది. "ముందు లేజరు వెలుగుతో ఒక దెబ్బ కొడతాం నాయనా. లోపలివన్నీ ఊగుతాయి. ఒక్కో ఊగుడు సెకనులో లక్ష కోట్లవ వంతు కూడా ఉండదు. వెనకే పంపే రెండో వెలుగుకు దారి వెంట్రుక మందమంత పొడుగు చేస్తాం. అది అంత ఆలస్యంగా వచ్చి లోపలి సంగతి చెబుతుంది."

"అంతేనా? కొట్టేది, ఇనేది. మా పనే గదా!" అని నవ్వాడు. నవ్వుతూనే దగ్గాడు.

ఆ దగ్గును నేను పట్టించుకోలేదు. మా వీధిలో రాయి కొట్టే ప్రతి ఇంట్లోనూ దగ్గే. పని దిగాక బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే, లోపలికి పోయిన రాతి దుమ్ము కడిగినట్టు పోతుందని అందరి నమ్మకం. పీహెచ్‌డీ చేసిన మహాతల్లిని, నేనూ ప్రతి ఆదివారం నంద్యాల నుంచి బెల్లం కొనుక్కుని బస్సెక్కేదాన్ని. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఆ వేసవి మూడు వారాలు వెతికాక, ల్యాబు స్క్రీను మీద ఆ ఊగుడు కనిపించింది. ఆనందం పట్టలేక నాయనకు ఫోన్ చేశాను. "దొరికిందా పాపా?" అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు. ఊపిరి కోసం పెనుగులాడుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. మర్నాటికి నంద్యాల ఆసుపత్రిలో ఉన్నాం.

డాక్టరు నాయన చొక్కా విప్పించి, వీపు మీద ఒక వేలు ఆనించి, దాని మీద ఇంకో వేలితో తట్టాడు. ఒకచోట బోలుగా మోగింది. మరోచోట మొద్దుగా పలికింది. నాయన కళ్లు మూసుకుని వింటున్నాడు.

"స్కాన్ చూసి చెబుతాను," అన్నాడు డాక్టరు.

"చూసే పనిల్యా సారూ. నేను ఇన్న్యా," అన్నాడు నాయన, చొక్కా తొడుక్కుంటూ.

బయట బెంచీ మీద నాకు ఏడుపు ఆగలేదు. "వారం వారం ఎదురుగా కూర్చున్నా నాయనా. వినలేదు. బెంగళూరు పోదాం పా, పెద్ద డాక్టర్లుంటారు."

"నువ్వు ఇంటే మాత్రం, నేను పని మానుకుంటాంటినా? ఏడవాకు." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఈ రాయికి ఇంక ఉలి పెట్టొద్దు పాపా."

తర్వాత ప్రతి ఆదివారం అడిగినట్టే అడిగాడు, "బెల్లం తెచ్చినావా?" అని.

అలవాటు కొద్దీ దారిలో కొన్నది నా సంచిలో ఉంది. తీసివ్వడానికి చెయ్యి రాలేదు. ఆయనే తీసుకుని, విరిచి, సగం నాకిచ్చాడు. వానలు పడేనాటికి నాయన లేడు.