జాబ్రియా నుంచి అమ్మాన్‌కు ఒక లేసు

మా నర్సాపురం పక్క ఆడవాళ్ళకి లేసు గురించి చెప్పబోవడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. ఏడేళ్ళకే కొక్కెం ఉన్న లేసు సూది పట్టినదాన్ని నేను. అందుకే కువైట్‌లో, జాబ్రియా పేటలో నేను పనికి కుదిరిన ఇంటి ముసలావిడ మామూలు కుట్టుసూదితో ఒక్కో ముడీ వేసుకుంటూ, నడిమధ్య నుంచి గుండ్రంగా లేసు పెంచుతుంటే మొదట్లో నవ్వొచ్చింది. మేం వారంలో లాగించేసే పనికి ఆవిడకి రెండు నెలలు పట్టేది.

ఆవిడ ఆర్మీనియా వాళ్ళ మనిషి. కొడుకు బంగారప్పని చేసేవాడు, పెళ్ళి చేసుకోలేదు. ఆ ఫ్లాటులో వాళ్ళిద్దరే. కూతురు జోర్డాన్‌లో, అమ్మాన్‌లో కాపురం. పనిచేసే ఆడవాళ్ళందరిలాగే నేనూ ఇంటావిడని మామా అనేదాన్ని, అక్కడ అమ్మా అన్నట్టు. నాకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలతోనే మా కబుర్లన్నీ.

వాళ్ళలో పెళ్ళికైనా పురిటికైనా చేత్తో చేసిందే ఇవ్వాలట. కొడుకు వెండితో దానిమ్మకాయ లాకెట్లు చేసేవాడు, ఆవిడ లేసు అల్లేది. ఏ లేసు ఎవరికో మొదటి ముడి వేసేటప్పుడే అనుకోవాలి, సగంలో మనసు మార్చుకోకూడదు. నువ్వు అల్లినవి ఎవరెవరికి ఇచ్చావని ఒకసారి నన్నడిగింది. మా ఊళ్ళో ఒకరు పువ్వులు అల్లుతారు, అది చేతిపని. ఇంకొకరు వాటిని కలుపుతారు, అది అతుకుపని. తర్వాత ఏజెంటు పట్టుకుపోతాడు, పూర్తయిన లేసు మేం చూడను కూడా చూడం అని చెప్పాను. ఒక్కటి కూడా ఎవరికీ ఇవ్వలేదా అని నా మొహంలోకి జాలిగా చూసింది. నాకు ఒళ్ళు మండింది. మా లేసులు దేశాలు తిరుగుతాయి, మీవి ఒళ్ళో కూర్చుంటాయి అన్నాను. ఆవిడకి ఎంత నవ్వొచ్చిందో, సూది పక్కన పెట్టేసింది.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఇరాక్ సైన్యం దిగింది. కొడుకు షాపు తాళాలు పగలగొట్టి ఎవరో ఊడ్చుకుపోయారు. బయటి దేశాలకి ఫోన్లు తెగిపోయాయి, కూతురి కబురు లేదు. మామా అంతకుముందే కూతురి కోసం ఒక లేసు మొదలుపెట్టి ఉంది. వీధిలో తుపాకులు పేలుతున్నా, సిగరెట్టు మీద సిగరెట్టు కాలుస్తూ కిటికీ దగ్గర కుర్చీ వదల్లేదు. పక్క ఫ్లాటులో పనిచేసే రాయచోటి పిల్ల వచ్చి, అబ్బాసియా పేట నుంచి మనవాళ్ళ బస్సులు జోర్డాన్‌కి పోతున్నాయని చెప్పే నాటికి ఆఖరి వరస ముడులు వేస్తోంది.

మీరూ రండి అని బతిమాలాను. కొడుకూ బతిమాలాడు. ఆవిడ కదల్లేదు.

“చిన్నప్పుడు తుర్కీవాళ్ళు మా ఊరి నుంచి తరిమేస్తే ఎడారిలో నడిచాను. మా అమ్మ ఆ దారిలోనే ఉండిపోయింది. ఒకసారి నడిచింది చాలు,” అంది.

దారం తెంపి, లేసుని రుమాల్లో మడిచి, కూతురి ఫోను నంబరు రాసిన కాగితం దానిమీద పెట్టి నాకిచ్చింది. కూతురి చేతికే ఇవ్వమంది. అప్పుడైనా ఆవిడ కాళ్ళకి దండం పెట్టుకోవాల్సింది. బస్సు పోతుందని పరిగెత్తాను. ఆ చలికాలంలోనే మామా పోయిందని, నేను మళ్ళీ కువైట్ వెళ్ళినప్పుడు కొడుకు చెప్పాడు. నా చేతికిచ్చిన లేసే ఆవిడ అల్లిన ఆఖరిది.

బస్రా, బాగ్దాద్, అక్కడి నుంచి జోర్డాన్ సరిహద్దు. దారిలో సైనికులు నా వాచీ తీసుకున్నారు, రాయచోటి పిల్ల కమ్మలు తీసుకున్నారు. రుమాలు విప్పి చూసినవాడు లేసుని నా మీదకే విసిరేశాడు. విలువ తెలియని దొంగకి దణ్ణం పెట్టి జాకెట్టులో దోపుకున్నాను. సరిహద్దు డేరాల్లో తాగడానికే నీళ్ళు చాలవు. పన్నెండు రోజులు అది నా ఒంటిమీదే ఉంది.

అమ్మాన్‌లో మమ్మల్ని ఒక బడిలో దింపారు. బొంబాయి విమానం మర్నాడు. సాయం చేయడానికొచ్చిన ఒకావిడ ఆ నంబరుకి ఫోను చేసి, సాయంత్రం కూతురు వస్తుందని చెప్పింది. అప్పుడు రుమాలు విప్పి చూస్తే నాకు సిగ్గేసింది. నా చెమట, దుమ్ము సరే. నడిమధ్యన మామా ఒలకబోసుకున్న కాఫీ మరక, అంచులనిండా ఆవిడ వేళ్ళ పసుపుపచ్చ గుర్తులు, సిగరెట్టు కంపు.

మా ఊళ్ళో అల్లేవాళ్ళ చేతుల్లో మాసిన లేసుని బ్లీచింగులో వేసి మల్లెపువ్వులా చేశాకే ఓడ ఎక్కిస్తారు. ఉతకని లేసు ఒకరికివ్వడమంటే కడగని గ్లాసుతో మంచినీళ్ళివ్వడమే నా లెక్కలో. బడిలో మరుగుదొడ్లు కడగడానికి బ్లీచింగు ఉంది. ఎంత వెయ్యాలో నా చేతికి తెలుసు. దారం దెబ్బతినకుండా నానబెట్టి, మూడు నీళ్ళు మార్చి జాడించి, కిటికీ గట్టుమీద లాగి ఆరేశాను. రాయచోటి పిల్ల చూసి, “కొత్తదాని మాదిరి ఉండాదే అక్కా,” అంది. ఆ మాటకి పొంగిపోయాను.

కూతురు వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, నుదురు అచ్చం వాళ్ళమ్మదే. తింటోందా, బీపీ మాత్రలున్నాయా, ఏడ్చిందా అని వరసగా అడిగింది. అన్నీ చెప్పి లేసు ఇచ్చాను.

ఆవిడ అల్లిక చూడలేదు. కళ్ళు మూసుకుని దాన్ని ముక్కుకి ఆనించుకుంది. తిప్పి ఇంకోచోట ఆనించుకుంది. తర్వాత కళ్ళు తెరిచి దాన్ని వెలుగులోకి పట్టి, వేలితో మెల్లగా తడిమింది.

“ఉతికావా?” అంది.

“శుభ్రంగా ఉతికాను. ఒక్క మరక లేదు,” అన్నాను గొప్పగా.

తలూపి, థాంక్స్ అన్నట్టు షుక్రన్ అంది. మళ్ళీ అంది. కోప్పడి ఉంటే బాగుండేది. ఏం ఉతికేశానో నాకప్పుడు తెలిసింది.

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. నాలుగేళ్ళు వాళ్ళమ్మకి తల దువ్విన చేతులు. వాటిని మొహం దగ్గరికి తీసుకుని మెల్లగా ఊపిరి పీల్చింది. వాటికీ బ్లీచింగు వాసనే వస్తోంది.