అంకుల్ తప్పుగా చెప్పిన మాట

బుకిట్ పంజాంగ్‌లో మా కింది అంతస్తులో ఉండే ఇండోనేషియా అంకుల్ తన జీవితకథని ఇంగ్లీషులో రాసిపెట్టమని అడిగినప్పుడు పొంగిపోయాను. సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాయడం నా ఉద్యోగం. వాటిని రాసిన నేనే రెండోసారి చదవను. అలాంటిది ఒక మనిషి కథ రాయమన్నారు. ఆయన వాళ్ల దేశపు సైన్యంలో, గూఢచారి విభాగంలో పనిచేసి రిటైరై, ఇక్కడ కూతురి దగ్గర ఉంటున్నారు. నన్ను 'నాక్' అని పిలిచేవారు. వాళ్ల భాషలో బిడ్డా అని. మా నాన్న పోయిన ఏడాది అది. ఆ పిలుపుకి పడిపోయాను, ఒప్పుకుంటున్నాను.

శనివారం పొద్దున తినుబండారాల కొట్లుండే హాకర్ సెంటర్‌లో కూర్చునేవాళ్లం. నేను వెళ్లేసరికి టిష్యూ ప్యాకెట్ పెట్టి మూల బల్ల 'చోప్' చేసి, అంటే మాకోసం ఆపి ఉంచేవారు. ఆయన చెబుతుంటే నేను లాప్‌టాప్‌లో కొట్టేదాన్ని. జావాలో ఒక కొండ కింద ఊరు. తల్లి రైల్వే స్టేషన్లో అరటిపండు బజ్జీలు అమ్మేది. ఏ రైలు నుంచి ఎవరు దిగారో, వాళ్లకోసం ఎవరు వచ్చారో అన్నీ ఈయనకి గుర్తుండేవి. పద్దెనిమిదో ఏట సైన్యంలో చేరారు. బూట్లిస్తారని చేరానని నవ్వేవారు. ఆ జ్ఞాపకశక్తి చూసి ఒక అధికారి గూఢచారి శిక్షణకి పంపాడట. మొదటి పోస్టింగ్ ఒక రేవు పట్నంలో, లవంగాల సిగరెట్లు అమ్మేవాడి వేషంలో.

అక్కడ ఒంటబట్టిన విద్య కూడా ఆయనే చెప్పారు. "ఎవర్నీ ఏమీ అడక్కూడదు నాక్. అడిగితే మనిషి జాగ్రత్తపడతాడు. నువ్వే ఒక మాట తప్పుగా చెప్పు. సరిదిద్దకుండా ఊరుకునేవాడు ఇంకా పుట్టలేదు."

ఆ మాట నాకెంత నచ్చిందంటే రెండో అధ్యాయం దాంతోనే మొదలుపెట్టాను. ఎంత బాగా రాశానో అని మురిసిపోయాను కూడా.

ఆ విద్య మొదట తగిలింది ఆయనకి అక్షరాలు నేర్పిన మాస్టారికే. బదిలీ మీద ఆ పట్నం వచ్చిన మాస్టారు, తన శిష్యుడు రోడ్డున పడ్డాడనుకుని, జాలితో రోజూ ఒక సిగరెట్ పెట్టె కొనేవారట. ఆయనింట్లో రేవు కూలీలు రహస్యంగా ఎప్పుడు కలుస్తారో ఆయన నోటినుంచే రాబట్టి పై అధికారులకి రాసి పంపారు అంకుల్. సైనికులు వచ్చి మాస్టారిని తీసుకుపోయారు. ఇది చెబుతూ అంకుల్ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. నాకూ ఏడుపొచ్చింది. పాపం, ముసలాయన ఇన్నేళ్లుగా ఎంత కుమిలిపోతున్నాడో అనుకున్నాను.

ఆదివారాలు నేను క్రాంజీ వెళ్లి, పనికోసం ఈ దేశం వచ్చి డార్మిటరీలో, అంటే కూలీల వసతిగృహంలో, ఉండే మన శ్రీకాకుళం వాళ్లకి ఇంగ్లీషు నేర్పేదాన్ని. తెల్లారకముందే ఇచ్చే అన్నం పొట్లం మధ్యాహ్నానికి పాచిపోయేది. ఎన్నిసార్లు చెప్పినా డార్మిటరీ నడిపే కంపెనీ వినలేదు. చివరికి ఒక వెల్డరూ అతని బావమరిదీ ధైర్యం చేసి ప్రభుత్వానికి ఉత్తరం రాశారు. ఇంగ్లీషు నేను దిద్దాను. కింద ఎవరి పేరూ పెట్టలేదు.

తర్వాతి శనివారం అంకుల్ కాఫీ కలుపుకుంటూ అన్నారు. "క్రాంజీలో అన్నం గురించి ఉత్తరం రాసింది బంగ్లాదేశ్ వాళ్లేలే. మీ తెలుగువాళ్లు తల వంచుకుని పనిచేసుకునే రకం. వాళ్లకంత ధైర్యం ఎక్కడిది?"

నాకసలే ముక్కు మీద కోపం. పైగా శ్రీకాకుళం మా అమ్మ పుట్టిన జిల్లా. "ఎవరన్నారు అంకుల్? రాసింది మావాళ్లే!" అని ఇద్దరి పేర్లూ, ఏ బ్లాకులో ఉంటారో కూడా గొప్పగా చెప్పాను. అంతకుముందు ఆ ఉత్తరం ఊసు నేనాయన దగ్గర ఎత్తనే లేదు. మరి ఆయనకెలా తెలిసిందన్న ఆలోచన ఈ మట్టిబుర్రకి రాలేదు.

"ఓహో, నేనే పొరబడ్డాను" అన్నారాయన. తర్వాత మూడో అధ్యాయంలోకి వెళ్లాం.

పది రోజులకల్లా ఇద్దరి వర్క్ పర్మిట్లూ రద్దు చేసి విమానం ఎక్కించేశారు. కారణం చెప్పలేదు. మిగతావాళ్లు ఒకరినొకరు అనుమానించుకోవడం మొదలుపెట్టారు. ఆ వారంలోనే లిఫ్టులో అంకుల్ కూతురు కలిసింది. నాన్నగారికి ఇక్కడ పొద్దుపోతోందా అని మాటవరసకి అడిగాను. "పాపా వేర్ గాట్ టైమ్ లా! ఆయనకి తీరికెక్కడిది? క్రాంజీ డార్మిటరీ కంపెనీకి అడ్వైజర్ కదా" అంది, నాకు తెలిసే ఉంటుందన్నట్టు.

తిన్నగా కింది అంతస్తుకి వెళ్లి ఆయన తలుపు కొట్టాను. గుమ్మంలోనే నోటికొచ్చినట్టు అరిచాను. మీ మాస్టారి గురించి కార్చిన కన్నీళ్లు కూడా నన్ను నమ్మించడానికేనా అని అడిగాను. ఆయన చివరిదాకా విన్నారు.

"నేను నిన్నేమీ అడగలేదు నాక్" అన్నారు.

అది నిజం. తడిగుడ్డతో గొంతు కోయడమంటే అదే. పుస్తకం ఎంతవరకు వచ్చిందని అడిగారు. వెనక్కి తిరిగి మెట్లెక్కి వచ్చేశాను. రాసిన మూడు అధ్యాయాలూ ఆ రోజే చెరిపేశాను. చెరిపినా కసి తీరలేదు.

నెల తర్వాత శ్రీకాకుళం నుంచి వెల్డర్ ఫోన్ చేశాడు.

"పంపీసే ముందు మమ్మల్ని కూకోబెట్టి అడిగినారక్కా, ఆ ఇంగిలీసు ఎవులు రాసిచ్చినారనీసి. ఎంత అడిగినా మీ పేరు సెప్పనేదు. మీ ఉజ్జోగం పోద్ది గదా. మా పేర్లే ఎవులో సెప్పీసినారు. మనోళ్లలోనే ఉన్నాడు ఆడు. మీరు జాగర్తగుండండి."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నేనేనని చెప్పడానికి నోరు తెరిచాను. పిల్లలు బాగున్నారా అని అడిగాను.