నా బాయిలరు స్టీమ్‌పంకే అని పందెం కాశాను

ఆదివారం నుంచి నేను నోరెత్తడం లేదు. మా వీధిలో ఇది తుఫాను హెచ్చరిక లాంటి సంగతి. పాలు పోసే అతను కూడా గుమ్మంలో ఆగి, "అమ్మకి ఒంట్లో బాగోలేదేటి?" అని మా ఆయన్ని అడిగాడు. ఒంట్లో బాగానే ఉంది. పందెం కూడా నేనే నెగ్గాను. ఫస్టు ప్రైజు! అయినా మాట్లాడడం లేదు. రాయకూడదని ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను.

మా తమ్ముడి కూతురు గౌరి విజయనగరం దగ్గర ఇంజనీరింగు చదువుతోంది. వాళ్ళ కాలేజీ ఫెస్టులో ఈ ఏడు కొత్త పోటీ పెట్టారట. స్టీమ్‌పంక్. పోయిన వారం మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని వివరించింది.

"ఆవిరి ఇంజన్ల కాలం అయిపోలేదనుకో అత్తా. కరెంటు రాలేదు, పెట్రోలు రాలేదు. అయినా సెల్‌ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ వచ్చేశాయి. ఆవిరితో, ఇత్తడితో, పళ్ళ చక్రాలతో. అలాంటి లోకంలో వస్తువులు ఎలా ఉంటాయో అలా ఒకటి తయారు చెయ్యాలి."

కరెంటు లేని లోకాన్ని ఊహించుకోవడం మాకు కష్టం కాదు. రోజూ మధ్యాహ్నం రెండు గంటలు అందులోనే ఉంటాం.

"ఆవిరుంటే సాలు కదేటి? మరి మా ఇడ్లీ పాత్ర?" అన్నాను.

"కాదత్తా. అది వంటపాత్ర."

"కుక్కరు? ఈల కూడా ఏస్తాది."

"కాదు."

"మీ మావ స్కూటరు?"

"అది పొగత్తా. ఆవిరి కాదు."

అప్పటికి ఎదురింటి పాపమ్మ చేట పట్టుకుని వచ్చేసింది. బియ్యంలో రాళ్ళేరడానికి తన అరుగు మీద వెలుతురు చాలదంటుంది. నిజానికి అక్కడికి మా మాటలు వినపడవు. "మా కాలితో తొక్కే కుట్టుమిషను అవుతాదేటే?" అంది.

"అవదు పిన్నీ. పాతదైతే సరిపోదు. పాతకాలం వాళ్ళు కలగన్న కొత్తది కావాలి."

అదిగో, అప్పుడు నాకు అటక మీది రాగి బాయిలరు గుర్తొచ్చింది. మధ్యలో బొగ్గులు పోసే గొట్టం, చుట్టూ నీళ్ళు, పక్కన కుళాయి. గీజరు కొన్నాక పైకెక్కించాం. మా ఆయన దింపాడు. ఆయన జూట్ మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. మూడేళ్ళుగా ఇంట్లో తలుపు గొళ్ళెం బిగించమంటే చేతులు నొప్పంటాడు. స్టీమ్‌పంక్ అనేసరికి స్పానర్లన్నీ ముందేసుకున్నాడు. మూతకి సన్న గొట్టం బిగిద్దాం, ఆవిరి పోయి రేకుల చక్రాన్ని కొడుతుంది, చక్రానికి సైకిల్ డైనమో, డైనమోకి బల్బు! గౌరి గంతులేసింది.

పాపమ్మ మాత్రం బాయిలరు చుట్టూ ఒకసారి తిరిగింది. పన్నెండేళ్ళ మసి, పొయ్యిలోంచి తీసినట్టుంది. "మాకూ ఇలాటిదే ఉండీది," అంది.

"ఉండీది. కమ్మలకి ముందు," అన్నాను.

ఈ కమ్మల కథ మీకు తెలియదు కదా. మా ఊళ్ళో అందరికీ తెలుసు, నేనే చెప్పాను. పన్నెండేళ్ళ కిందట పాపమ్మ పురిటికి పుట్టింటికి వెళ్ళి వచ్చేసరికి ఆవిడ సారె బాయిలరు పెరట్లో లేదు. ఆవిడ చెవులకి కొత్త కమ్మలున్నాయి. బాయిలరు పోవడం, కమ్మలు రావడం ఒకేసారి! మిగతాది ఎవరైనా చెప్పొచ్చు. నేను అందరికంటే ముందు చెప్పాను. వెళ్ళేముందు దొంగతనంగా అమ్మేసి కొనుక్కుందని. ఆవిడ అత్త ఏడాది పాటు కోడలితో మాట్లాడలేదు. ఆ ముసలావిడకి చెముడు కాబట్టి పెద్ద తేడా తెలియలేదనుకోండి.

పాపమ్మ చేట కింద పెట్టింది. "ఓలే సూరమ్మా, పందెం కాస్తావా? నీ బాయిలరు నెగ్గకపోతే నెల్రోజులు నువ్వెవుల గురించీ నోరెత్తకూడదు."

"నెగ్గితే?"

"నువ్వేటి సెప్పినా ఊరంతటికీ నానే మోసుకెళ్ళి సెప్తాను."

నెల రోజులు! నాకు! ఆ నెలలో రెండు పెళ్ళిళ్ళు, ఒక వాటాల పంపకం ఉన్నాయి. అయినా తగ్గలేదు. వీధంతా వింటుండగా సరేనన్నాను.

గౌరి బాయిలరు తీసుకెళ్తుంటే మరీ మరీ చెప్పాను. "తోమకండి. నల్లగా ఉంటేనే పాతకాలంలా ఉంటాది." ఈ కాలం పిల్లలు వింటారా! హాస్టల్లో నలుగురాడపిల్లలు కలిసి చింతపండు, ఉప్పు పెట్టి తోమి పారేశారు.

ఆదివారం వీధిలో ఆడవాళ్ళం ఏడుగురం ఒకే ఆటోలో విజయనగరం వెళ్ళాం. హాలు నిండా బల్లలు. జడ్జి ఎక్కడినుంచో వచ్చాడు, మెళ్ళో కళ్ళద్దాలు వేలాడేసుకుని, చేతిలో మైకు పెట్టుకుని ఒక్కో బల్ల దగ్గరా తీర్పు చెబుతున్నాడు. ఒక అబ్బాయి ల్యాప్‌టాప్ మీద గడియారం చక్రాలు గమ్ముతో అంటించాడు. "ఇవి తిరుగుతాయా? తిరగవు. అయితే ఇది అలంకారం. స్టీమ్‌పంక్ కాదు." ఇంకొకడు ప్లాస్టిక్ గొట్టాల తుపాకీకి బంగారు రంగు పూశాడు. "రంగు పూస్తే ఇత్తడి అవుతుందా నాయనా?" నాకాయన భలే నచ్చాడు. మా ఊళ్ళో పుట్టాల్సిన మనిషి.

మా బల్ల దగ్గరకొచ్చాడు. నా గుండె దడదడ. బాయిలరు ధగధగ. "పాత వస్తువు తెచ్చి పెడితే అది మ్యూజియం. స్టీమ్‌పంక్ అవదు," అన్నాడు ముందే. పాపమ్మ నా వైపు తిరిగి రెండు పెదాలూ వేళ్ళతో మూసి చూపించింది.

గౌరి బొగ్గులు రాజేసి విసనకర్రతో విసిరింది. నీళ్ళు మరిగాయి. ఆవిరి బుస్సుమంది. రేకుల చక్రం కదిలింది, తిరిగింది, బల్బు మిణుగురులా వెలిగింది! హాలంతా చప్పట్లు.

"పనిచేస్తోంది! కానీ ఇంకొకటుంది," అన్నాడు జడ్జి మైకులో. "స్టీమ్‌పంక్‌లో వస్తువు ఫ్యాక్టరీలోంచి వేలకొద్దీ ఊడిపడింది కాకూడదు. చేసినవాడి చెయ్యి కనపడాలి. ఎవరికోసం చేశారో తెలియాలి." అని కళ్ళద్దాలు పెట్టుకుని వంగాడు. అడుగున అంచు దగ్గర చేతిరుమాలుతో రుద్దాడు. "ఇవేమిటి, చుక్కలు?"

"ముగ్గు డిజైన్ సార్," అంది గౌరి. ఇంగ్లీషు మీడియం పిల్ల, పాపం.

"ముగ్గేమిటమ్మా! చుక్కలు పొడిచి పేరు కొట్టించారు. పెళ్ళి సారె సామాను మీద కొట్టించేవారు కదా! ఇదీ కావలసింది. వినండి." మైకు దగ్గరగా పెట్టుకుని, కూడబలుక్కుంటూ, హాలంతా మోగేలా చదివాడు. "చి... సౌ... పాపమ్మకు... నాన్న అప్పలస్వామి... ఆమదాలవలస."

చప్పట్లు. ఫస్టు ప్రైజు. మా ఏడుగురిలో ఆరుగురు నా వైపు చూస్తున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది, గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు అందరి ముందూ పైకే చెప్పేశాను. పాపమ్మ పురిటికెళ్ళిన నెలలోనే మా అత్త కాలు విరిగింది. కాపడానికి వేణ్ణీళ్ళు కావాలని నేనే ఎదురింటి పెరట్లోకి వెళ్ళి, "బాయిలరు పట్టికెళ్తన్నాను," అని ఆ చెవిటి ముసలమ్మకి చెప్పాను. ఆవిడ తలూపింది. విందో లేదో నేనడగలేదు. మూడో నెలకి అది నాదైపోయింది. ఇంట్లో మసి పట్టిన వస్తువు ఎవరిదని ఎవరడుగుతారండీ?

పాపమ్మ వెళ్ళి నాన్న పేరు మీద వేలు పెట్టి అటూ ఇటూ రాసింది. తరవాత చెవి కమ్మ పట్టుకుంది. "ఇయ్యి మా పెద్దక్క పెట్టినాది," అంది. అంతే.

తిరుగు ఆటోలో బాయిలరు పాపమ్మ ఒళ్ళో ఉంది. ప్రైజు కప్పు నా ఒళ్ళో ఉంది. నెల్లిమర్ల దాటాక ఆవిడ తియ్యగా మొదలెట్టింది. "నువ్వే నెగ్గినావు కదే సూరమ్మా! మాటాడు. ఏటైనా సెప్పు. ఊరంతటికీ నానే సెప్తానన్నాను కదా."

నేను రోడ్డు చూస్తూ కూర్చున్నాను. దారిలో ఇన్ని చింత చెట్లున్నాయని అంతకుముందు గమనించలేదు.

ఆవిడ మాత్రం మాట మీద నిలబడింది. బాయిలరు అరుగు మీద పెట్టుకుని దారిన పోయే ప్రతి ఒక్కరికీ చెబుతోంది. అబద్ధమెందుకు, బాగా చెబుతోంది. చెవిటి ముసలమ్మ తలూపిన చోట ఆగి జనాన్ని నవ్వనిస్తోంది. అక్కడ నేనైనా ఆగేదాన్ని.

నేను పశ్చాత్తాపంతో మూగబోయానని వీధి అనుకుంటోంది. అనుకోనివ్వండి. అసలు సంగతి వేరే. సోమవారం తలుపులేసుకుని అటక మీది సామానంతా దింపి చింతపండు పెట్టి తోమాను. మొత్తం పదకొండు. ఏడింటి మీద నా పేరే ఉంది. మిగతా నాలుగూ ఎవరెవరివో చదివాను. ఆ నలుగురి గురించీ ఊళ్ళో నేను చెప్పినవి ఒక్కొక్కటీ గుర్తొస్తున్నాయి.